పాత ట్రాక్టరుకు పేరు కాదు, కొలత కావాలి

మంగళగిరి పక్క ఊళ్లో ముగ్గురు కౌలు రైతులు, ఒక డ్రైవరు కలిసి పాత హెచ్‌ఎంటీ జెటర్ 2511 ట్రాక్టరు కొన్నారు. ఏళ్ల తరబడి చింతచెట్టు కింద తుప్పుపట్టిన బండి, పాత ఇనుము ధరకే వచ్చింది. ‘ఈ తుక్కెందుకయ్యా?’ అని ఊరు నవ్వింది. వాళ్ల లెక్క వేరు. వానపడ్డాక పదునున్న నాలుగు రోజుల్లోనే పత్తి, మిరప చేలు దున్నాలి. ట్రాక్టరున్న ఆసామి ముందు తన చేను, తర్వాత తన వాళ్ల చేలు దున్నిస్తాడు. కౌలుదారు వంతు వచ్చేసరికి పదును ఆరిపోతుంది. బాడుగ మాత్రం తగ్గదు. ట్రాక్టరొచ్చి అరక కూలి పోయిందన్న మాట నిజమే. వచ్చిన యంత్రం ఎవరి చేతిలో ఉండాలన్నదే ఇప్పుడు ప్రశ్న.

ప్రభుత్వ రంగ సంస్థ హెచ్‌ఎంటీ, చెకోస్లోవేకియా సహకారంతో 1971లో హర్యానాలోని పింజోరులో ఈ బండి తయారీ మొదలుపెట్టింది. రెండు సిలిండర్లు, 25 గుర్రాల శక్తి. 2016లో కేంద్ర ప్రభుత్వం ఆ ట్రాక్టర్ల విభాగాన్ని మూసెయ్యాలని నిర్ణయించింది. ఫ్యాక్టరీ మూస్తే అక్కడి కార్మికుల కూడే కాదు, ఇక్కడి చిన్న రైతుకు విడి సామానూ పోతుంది.

సామాను కోసం కృష్ణ దాటి బెజవాడ ఆటోనగర్‌కు పోయాం. ఒక దుకాణంలో ‘జెటర్‌దేనండీ, కళ్లు మూసుకుని బిగించండి’ అని పిస్టన్లు, లైనర్లు ఇచ్చారు. కళ్లు మూసుకునే తెచ్చాం. తీరా చూస్తే లైనరు బ్లాకులో దిగదు. మన బండి బోరు 95 మిల్లీమీటర్లు, వాళ్లిచ్చింది 102. జెటర్ వాళ్లు రెండు, మూడు, నాలుగు సిలిండర్ల ఇంజన్లను ఒకే కుటుంబంగా చేశారు. అందుకే చాలా సామాను ఒక బండిది మరోదానికి పడుతుంది. అయితే తర్వాతి మోడళ్లలో బోరు పెరిగింది. సామాను వాపసు తీసుకోలేదు. నలుగురి రెండేసి రోజుల కూలి గంగలో కలిసింది.

చివరికి లేతు మీద పనిచేసే ఒక పెద్దాయన మాకు దారి చూపించాడు. ఆయన చెప్పింది అందరికీ పనికొస్తుంది.

బేరింగుకు ట్రాక్టరు పేరు అక్కర్లేదు, దాని మీద నంబరు చెక్కి ఉంటుంది. 6205 అంటే లోపలి రంధ్రం 25, బయటి కొలత 52, మందం 15 మిల్లీమీటర్లు. ఏ కంపెనీ చేసినా అంతే. ఆయిల్ సీలు మీద కూడా సాధారణంగా మూడు కొలతలూ ఉంటాయి.

జెటర్ బోల్టుకు మిల్లీమీటర్ల మర, పాత మాసీ ఫెర్గూసన్‌లో ఎక్కువగా అంగుళాల మర. కాస్త బిగువుగా ఉందని పానాతో బలవంతంగా తిప్పితే బ్లాకులో మర చెడుతుంది.

క్రాంకు అరిగి గ్రైండింగు చేయిస్తే, ఎంత తగ్గించారో అంత మందం షెల్ బేరింగులు వెయ్యాలి. 0.25, 0.50 అని వెనక గుర్తు చూసుకోండి. మామూలువి వేస్తే ఆయిలు ఒత్తిడి పడిపోయి ఇంజను కొట్టుకుంటుంది.

పాత ముక్కను చేతపట్టుకుని వెళ్లండి. కొత్తది బిగిసి బండి తిరిగేదాకా పాతది పారెయ్యొద్దు. ఇంజను నంబరు రాసుకోండి. పడకపోతే వాపసు తీసుకుంటామని బిల్లు మీద రాయించుకోండి.

బండి తిరిగింది. ఈ కొలతలన్నీ ఒక నోటుబుక్కులో రాసి సంఘం ఆఫీసులో పెట్టాం. పాత బండి ఉన్నవాళ్లు వచ్చి చూసుకోండి, మీ దగ్గరున్న కొలతలూ అందులో రాసి వెళ్లండి.