ఆంధ్ర తీరాన నేలమీది ద్వీపం యానాం
మూడు దశాబ్దాల పన్నుల లాభం ఒకవైపు, ఉపాధి లేమి మరొకవైపు

చుట్టూ సముద్రం లేకపోయినా ద్వీపమనిపించుకునే ప్రాంతమొకటి గౌతమీ గోదావరి ఒడ్డున ఉంది. అక్కడి ప్రజలు మాట్లాడేది తెలుగు. వారు పండించే పొలాలకు నీరందేది ధవళేశ్వరం ఆనకట్ట నుంచి. ఊరి పిన్‌కోడ్ 533తో మొదలవుతుంది, టెలిఫోన్ కోడ్ కాకినాడదే. అయినా వారి శాసనసభ ఉన్నది సుమారు 870 కిలోమీటర్ల దూరంలోని పుదుచ్చేరిలో, వారి హైకోర్టు ఉన్నది చెన్నైలో. కాకినాడకు 30 కిలోమీటర్ల లోపునే ఉన్న ఈ ప్రాంతమే యానాం. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోని నాలుగు భాగాలలో ఇది ఒకటి. పుదుచ్చేరి, కారైకాల్ తమిళనాడు తీరంలోనూ, మాహే కేరళ తీరంలోనూ ఉండగా, తెలుగు నేలపై ఉన్నది యానాం ఒక్కటే.

భిలాయి ఉక్కు పట్టణం వంటి చోట్ల స్థిరపడిన తెలుగువారు ఉపాధి కోసం పరరాష్ట్ర పాలన కిందికి తామే తరలి వెళ్లినవారు. యానాం వాసుల స్థితి ఇందుకు భిన్నం. వారు పుట్టిన గడపను వదలలేదు. చరిత్రే వారిని వేరొక రాజధానికి అప్పగించింది.

భౌగోళిక స్వరూపం

యానాం విస్తీర్ణం 30 చదరపు కిలోమీటర్లు మాత్రమే. గౌతమి నుంచి కోరంగి పాయ చీలే చోట పట్టణం వెలసింది. మెట్టకూరు, కనకాలపేట, ఫారంపేట, అడవిపొలం, దరియాలతిప్ప తదితర గ్రామాలు దీని పరిధిలోనివి. భూభాగం పల్లం కావడంతో వరదలు, తుపానులు ఇక్కడి జీవితంలో భాగమయ్యాయి. 1839లో వచ్చిన తుపాను పొరుగునే ఉన్న కోరంగి రేవును తుడిచిపెట్టింది. 1996 నవంబరు 6న కాకినాడకు చేరువలో తీరం దాటిన పెనుతుపాను యానాంనూ అతలాకుతలం చేసింది. 1986 ఆగస్టులోనూ, ధవళేశ్వరం వద్ద ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటిన 2022 జులైలోనూ గోదావరి వరద ఈ ప్రాంతాన్ని ముంచెత్తింది.

కోనసీమ వైపు వెళ్లాలంటే ఒకప్పుడు పంటు ఎక్కి గోదావరి దాటవలసి వచ్చేది. ఎదుర్లంక, యానాంల మధ్య వంతెన 2002లో అందుబాటులోకి వచ్చింది. లోక్‌సభ స్పీకరుగా ఉంటూ అదే ఏడాది దివంగతుడైన జి.ఎం.సి. బాలయోగి పేరు ఆ వారధికి పెట్టారు.

ఫ్రెంచి పాలన

ఫ్రెంచివారు 1723లో ఇక్కడ వర్తక స్థావరం ఏర్పరచారు. వ్యాపారం లాభసాటి కాలేదని 1727లో విడిచిపెట్టి, 1731లో మళ్లీ వచ్చారు. సమీపంలోని ఇంజరం ఆంగ్లేయుల వస్త్ర వ్యాపార కేంద్రం కాగా, యానాం వారికి పోటీగా నిలిచింది. ఇరుదేశాల యుద్ధాలలో పలుమార్లు ఆంగ్లేయుల వశమైన ఈ పట్టణం 1814 నాటి పారిస్ ఒప్పందం మేరకు తిరిగి ఫ్రాన్సుకు దక్కింది.

చెరకు తోటలలో పనిచేయడానికి 1828లో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవికి తెలుగు కూలీలను తరలించింది ఈ ప్రాంతం నుంచే. ఆ తరువాత ఫ్రెంచి నౌకలు భారతీయ కూలీలను కరిబియన్ దీవులకు సైతం చేరవేశాయి. 1853లో మార్టినిక్‌కు, 1854లో గ్వాడెలూప్‌కు తొలి కూలీలతో వెళ్లిన నౌక పేరు ‘ఒరేలీ’.

బ్రిటిష్ ఇండియాలో బాల్యవివాహాలను నిషేధించిన శారదా చట్టం 1930లో అమలులోకి వచ్చింది. ఫ్రెంచి గడ్డపై ఆ చట్టం చెల్లకపోవడంతో చుట్టుపక్కల జిల్లాల వారు పిల్లలకు పెళ్లిళ్లు చేయడానికి యానాం వచ్చేవారు. ఆ విధంగా ఈ ఊరికి ‘కల్యాణపురం’ అన్న పేరు వచ్చింది. సరిహద్దు దాటితే చట్టం మారుతుందన్న సంగతిని లాభంగా మలచుకోవడం యానాంలో కొత్త కాదని దీనివల్ల తెలుస్తోంది.

ఫారంపేటకు చెందిన దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో 1954 జూన్ 13న యానాం విముక్తమైంది. అదే ఏడాది నవంబరు 1న ఫ్రెంచి స్థావరాల పాలన భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. 1956 మే 28న ఉభయ దేశాలు విలీన ఒప్పందంపై సంతకాలు చేశాయి. ఫ్రెంచి పార్లమెంటు ఆమోదం ఆలస్యమై, అది 1962 ఆగస్టు 16న గాని అమలులోకి రాలేదు.

ప్రజలు

2001 జనాభా లెక్కల ప్రకారం యానాం జనాభా 31,394. 2011 నాటికి అది 55,626కు చేరింది. అంటే పదేళ్లలో 77 శాతం పెరుగుదల. సంక్షేమ పథకాలు, తక్కువ పన్నులు గల చిన్న ప్రాంతానికి చుట్టుపక్కల నుంచి వలసలు సాగడం ఇందుకు ముఖ్య కారణమని భావించవచ్చు. చేపల వేట, వ్యవసాయం, చిన్న వ్యాపారం ప్రధాన వృత్తులు. మీసాల వెంకన్న ఆలయం, 1846లో నిర్మాణం పూర్తయిన కేథలిక్ చర్చి ఊరి పాత గుర్తులు. ఫ్రెంచి కాలం నాటి మంగళవారం సంత సైతం ఊరి చరిత్రలో భాగమే. వరద నీటికి ఎదురీదే పులస కోసం వేలంపాట జరిగేదీ ఇక్కడే. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న నానుడి ఆ రోజుల్లో అతిశయోక్తి అనిపించదు.

పాలన

పుదుచ్చేరి శాసనసభలో ఎన్నికయ్యే స్థానాలు 30. యానాంకు దక్కేది ఒక్కటి. లోక్‌సభకు మొత్తం కేంద్రపాలిత ప్రాంతమంతటికీ కలిపి ఒకే సభ్యుడు. స్థానికంగా ప్రాంతీయ పరిపాలనాధికారి, పురపాలక సంఘం ఉన్నాయి. పురపాలక వ్యవస్థకు 1880 నాటి ఫ్రెంచి ఉత్తర్వు మూలం. యానాంలో తెలుగుకు అధికార భాష హోదా ఉంది.

ముప్పై మందిలో ఒక్కడైన సభ్యుని మాటకు విలువ ఎంత అన్నది ఇక్కడి చిరకాల ప్రశ్న. సంకీర్ణ ప్రభుత్వాల కాలంలో ఆ ఒక్క ఓటే అప్పుడప్పుడు బలమవుతుంది. 1996లో ఇండిపెండెంటుగా తొలిసారి గెలిచిన మల్లాడి కృష్ణారావు 2021 వరకు ఈ స్థానానికి ప్రాతినిధ్యం వహించి, మంత్రిగానూ పనిచేశారు. 2021 ఎన్నికలలో రెండు చోట్ల పోటీ చేసిన ఎన్. రంగస్వామిని యానాం ఓటర్లు స్వల్ప తేడాతో ఓడించి, ఇండిపెండెంటు అభ్యర్థి గొల్లపల్లి శ్రీనివాస అశోక్‌ను ఎన్నుకున్నారు. రెండవ స్థానంలో గెలిచిన రంగస్వామి ఆ ఎన్నికల అనంతరం ముఖ్యమంత్రి అయ్యారన్నది గమనార్హం.

ఆర్థిక వ్యవస్థ

సరిహద్దు ఒక వైపున ధర పెరిగితే మరొక వైపున అంగడి కళకళలాడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం అమలులోకి వచ్చినప్పుడు యానాం మద్యం దుకాణాలకు గిరాకీ పెరిగింది. 1997లో నిషేధం సడలినా పన్నుల తేడా పోలేదు. తక్కువ ధరకు పెట్రోలు పోయించుకోవడానికి పొరుగు మండలాల వాహనాలు ఇక్కడికి రావడం మామూలైంది. అయితే ఈ రాబడి ఊరు సృష్టించుకున్నది కాదు. పొరుగు ప్రభుత్వం రేట్లు తగ్గించిన నాడు అది కరిగిపోగలదు.

స్థిరమైన ఉపాధి కల్పించినది పరిశ్రమ. రీజెన్సీ సిరామిక్స్ టైల్స్ కర్మాగారం ఏళ్ల తరబడి యానాంకు, చుట్టుపక్కల గ్రామాలకు జీవనాధారంగా ఉండేది. కార్మిక వివాదం ముదిరి 2012 జనవరి 27న హింసాకాండకు దారితీసింది. ఒక కార్మిక నాయకుడు, సంస్థ ఉన్నతాధికారి ఒకరు మరణించారు. కర్మాగారం దెబ్బతిని మూతపడింది. ఆ మూత ఏళ్ల తరబడి కొనసాగడంతో కార్మిక కుటుంబాలు వీధినపడ్డాయి. ఒకే పరిశ్రమపై ఆధారపడిన చిన్న ప్రాంతం ఎంత తొందరగా కుంగిపోగలదో ఆ ఒక్క రోజు చాటింది.

విడిగా ఉండాలన్న కోరిక

దూరపు రాజధాని పాలనతో ఇబ్బంది పడిన చిన్న ప్రాంతం యానాం ఒక్కటే కాదు. కరిబియన్ సముద్రంలోని ఆంగ్విలా దీవి సుమారు 91 చదరపు కిలోమీటర్ల ప్రాంతం. సెయింట్ కిట్స్ పెత్తనం తమకు వద్దంటూ అక్కడి ప్రజలు 1967లో తిరగబడ్డారు. 1969లో బ్రిటిష్ సైనికులు దిగారు. చివరకు 1980లో ఆంగ్విలా విడిపోయి, నేరుగా బ్రిటన్ పాలనలోని ప్రాంతంగా మిగిలింది.

యానాం విషయం దీనికి తలకిందులు. ఇక్కడ దూరపు పాలన పోవాలన్న ఉద్యమం కన్నా, అది పోతుందేమోనన్న భయమే బలమైనది. ఫ్రెంచి స్థావరాలను పొరుగు రాష్ట్రాలలో కలపాలన్న ప్రతిపాదన 1979లో వచ్చినప్పుడు పుదుచ్చేరిలో ఆందోళనలు చెలరేగి, కేంద్రం వెనక్కి తగ్గవలసి వచ్చింది. ప్రజాభిప్రాయం తెలుసుకున్న తరువాతే రాజ్యాంగ ప్రతిపత్తిలో మార్పులు చేయాలని 1956 ఒప్పందం చెబుతోంది.

ప్రత్యేక ప్రతిపత్తి వల్ల యానాంకు నిధులు, పన్ను రాయితీలు, ఒక శాసనసభ్యుడు దక్కారు. కాని గోదావరి పొంగినప్పుడు హెచ్చరిక వచ్చేది ధవళేశ్వరం నుంచి, సాయం రావలసినది పుదుచ్చేరి నుంచి. ఉద్యోగం వెదుక్కునే యువకుడు వెళ్లేది కాకినాడకు, హక్కు కోసం అప్పీలు చేసుకునేది చెన్నైలో. విడిగా ఉండడం లాభమా, నష్టమా అన్న ప్రశ్న కన్నా, ఈ రెండు ప్రభుత్వాల నడుమ పని ఎవరిదో తేల్చడమే 30 చదరపు కిలోమీటర్ల యానాంకు ముఖ్యం.