పెట్రోలు ఆవిరిని పట్టే బొగ్గు డబ్బా

తెల్లవారుజాము నాలుగు గంటలు. ఫిలింనగర్ కొండ మీద ఇంకా చీకటిగా ఉంది. ఒక కారు డ్రైవరు ఆర్టిస్టును షూటింగుకు తీసుకుపోవాలి. తాళాలు పట్టుకుని సెల్లారులోకి దిగాడు. కారు దగ్గరికి పోగానే పెట్రోలు వాసన గుప్పుమంది. వంగి కారు కింద చూశాడు. నేల పొడిగా ఉంది. ఎక్కడా చుక్క కారలేదు. మరి వాసన ఎక్కడిది?

ఇది ఒక్క డ్రైవరుకు వచ్చే అనుమానం కాదు. జూబ్లీహిల్స్, ఫిలింనగర్, కృష్ణానగర్‌లలో వేలమంది బండి మీదే బతుకుతున్నారు. స్టూడియోల ముందు, అవుట్‌డోర్‌లో, ఎండలో బండ్లు పొద్దంతా నిలబడి ఉంటాయి. వాటి టాంకీల్లో పెట్రోలు ఉంటుంది. ఆ పెట్రోలు బండి నడిచినప్పుడే ఖర్చవుతుందని చాలామంది అనుకుంటారు. బండి నిలబడి ఉన్నా పెట్రోలు పోతుంది. ఆవిరై పోతుంది.

ఆవిరి ఎలా పుడుతుంది?

తడిబట్ట ఎండలో ఆరుతుంది. బట్టలోని నీరు ఆవిరై గాలిలో కలుస్తుంది. పెట్రోలు నీటికంటే చాలా తొందరగా ఆవిరవుతుంది. చేతి మీద చుక్క పడితే చల్లగా తగిలి, చూస్తుండగానే మాయమవుతుంది. డీజిలు అంత తొందరగా ఆవిరి కాదు. అందుకే ఈ పాఠం పెట్రోలు బండ్లకు సంబంధించింది.

మే నెలలో హైదరాబాదులో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఎండకు టాంకీ వేడెక్కుతుంది. లోపల ఆవిరి పెరుగుతుంది. బయటికి పోవడానికి దారి వెతుక్కుంటుంది. బండి నడిచి ఆగాక ఇంజను వేడికి కూడా ఆవిరి పుడుతుంది. పాత బండ్లలో ఈ ఆవిరి నేరుగా గాలిలోకి పోయేది. ఎవరూ పట్టించుకునేవారు కాదు.

ఆవిరితో నష్టం ఏమిటి?

మొదటిది నిప్పు భయం. పెట్రోలు ఆవిరి మామూలు వేడిలోనే అంటుకుంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. ఈ ఆవిరి గాలికంటే బరువు. పైకి పోకుండా కిందికి దిగుతుంది. పల్లంలో చేరుతుంది. జూబ్లీహిల్స్ అంతా రాళ్లగుట్టల మీద కట్టిన ఊరు. ఇళ్ల కింద, ఆఫీసుల కింద సెల్లార్లు ఉంటాయి. గాలి ఆడని సెల్లారులో ఆవిరి నిలిచి ఉంటే ప్రమాదం. అక్కడ బీడీ వెలిగించకూడదు.

రెండోది ఆరోగ్యం. పెట్రోలులో బెంజీన్ అనే పదార్థం ఉంటుంది. అది క్యాన్సర్ తెప్పిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. అందుకే మన దేశంలో పెట్రోలులో బెంజీన్ 1 శాతం మించకూడదని నియమం ఉంది. బంకు పనివారు, మెకానిక్కులు, డ్రైవర్లు ఈ ఆవిరిని రోజూ పీలుస్తారు. వాసన అలవాటైపోయిందంటే హాని తగ్గిందని కాదు.

మూడోది ఊరి గాలి. ఈ సంగతి బయటపడింది కూడా ఒక సినిమా ఊరిలోనే. అమెరికాలో హాలీవుడ్ ఉన్న నగరం లాస్ ఏంజిలిస్. 1940లలో అక్కడ కళ్లు మండించే పొగమంచు కమ్మేది. హాగెన్ స్మిట్ అనే శాస్త్రవేత్త దాని కారణం వెతికాడు. 1950ల మొదట్లో జవాబు దొరికింది. బండ్ల నుంచి వచ్చే పెట్రోలు ఆవిరి, పొగ ఎండ తగిలి ఓజోన్‌గా మారుతున్నాయి. నేల దగ్గరి ఓజోన్ ఊపిరితిత్తులకు చెరుపు చేస్తుంది. 1970లో కాలిఫోర్నియా రాష్ట్రంలో, 1971లో అమెరికా అంతటా, కొత్త కార్లలో ఆవిరిని పట్టే ఏర్పాటు ఉండాలని నియమం వచ్చింది.

బొగ్గు డబ్బా చేసే పని

ఆవిరిని పట్టడానికి ఒక డబ్బా ఉంటుంది. దాన్ని కానిస్టర్ అంటారు. దానిలో నల్లని బొగ్గు పలుకులు ఉంటాయి. ఇది కుంపట్లో వేసే బొగ్గు కాదు. చెక్క, కొబ్బరి చిప్ప వంటి వాటిని ప్రత్యేకంగా కాల్చి చేస్తారు. దీనికి కంటికి కనపడని చిల్లులు లెక్కలేనన్ని ఉంటాయి. ఆ చిల్లుల గోడలన్నీ విప్పి పరిస్తే, ఒక్క గ్రాము బొగ్గు వందల చదరపు మీటర్ల చోటు ఆక్రమిస్తుంది. ఆవిరి వచ్చి ఆ గోడలకు అంటుకుంటుంది.

టాంకీ నుంచి ఒక గొట్టం డబ్బాకు వస్తుంది. బండి నిలబడి ఉన్నప్పుడు ఆవిరి ఈ గొట్టంలో వచ్చి బొగ్గులో చేరుతుంది. బయటికి పోదు.

బొగ్గు నిండిపోతే ఎట్లా? దానికీ ఏర్పాటు ఉంది. డబ్బా నుంచి ఇంజనుకు ఇంకో గొట్టం పోతుంది. దాని మధ్యలో ఒక వాల్వు ఉంటుంది. దాన్ని పర్జ్ వాల్వు అంటారు. బండి నడిచి ఇంజను వేడెక్కాక, బండిలోని కంప్యూటరు ఈ వాల్వును తెరుస్తూ మూస్తూ ఉంటుంది. ఇంజను గాలిని పీల్చుకుంటుంది. డబ్బాకు ఉన్న గాలిదారి నుంచి మంచి గాలి లోపలికి వస్తుంది. ఆ గాలి బొగ్గులోని ఆవిరిని లాక్కుని ఇంజనులోకి పోతుంది. అక్కడ ఆవిరి మండి బండిని నడుపుతుంది. బొగ్గు మళ్లీ ఖాళీ అవుతుంది. గాలిలో కలవాల్సిన పెట్రోలు పనికి వచ్చింది.

మన దేశంలో నియమాలు

మన దేశంలో బండ్ల కాలుష్యానికి భారత్ స్టేజ్ అనే నియమాలున్నాయి. నాలుగో స్టేజ్ 2010 ఏప్రిల్‌లో హైదరాబాదుతో కలిపి 13 నగరాల్లో వచ్చింది. 2017లో దేశమంతా వచ్చింది. ఆరో స్టేజ్ 2020 ఏప్రిల్ 1న దేశమంతా అమలైంది. కొత్త మోడల్ కారును అమ్మే ముందు, గాలి చొరబడని గదిలో పెట్టి పరీక్షిస్తారు. ఆ పరీక్షలో కారు నుంచి వచ్చే ఆవిరి 2 గ్రాములు మించకూడదు. ఆరో స్టేజ్ బైకులకు, స్కూటర్లకు హద్దు 1.5 గ్రాములు. అంటే ఇప్పుడు కొత్త స్కూటరు కింద కూడా ఒక చిన్న బొగ్గు డబ్బా ఉంటుంది.

బండి చెప్పే మాట

బండికి జబ్బు చేస్తే డ్రైవరు ముందు ఒక పసుపు దీపం వెలుగుతుంది. దాని మీద ఇంజను బొమ్మ ఉంటుంది. తాళం తిప్పగానే ఈ దీపం వెలగాలి. ఇంజను స్టార్టయ్యాక ఆరిపోవాలి. తాళం తిప్పినప్పుడు అసలు వెలగకపోతే దీపమే పాడై ఉండవచ్చు. పాత బండి కొనేవారు ఇది తప్పక చూసుకోవాలి. ఇంజను నడుస్తున్నా ఆరకపోతే మెకానిక్‌కు చూపాలి. మిణుకు మిణుకుమంటే బండిని పక్కకు ఆపాలి.

స్టీరింగు కింద 16 పిన్నుల ప్లగ్గు ఒకటి ఉంటుంది. మెకానిక్ అక్కడ స్కానరు తగిలిస్తాడు. స్కానరులో ఒక ఇంగ్లీషు అక్షరం, నాలుగు అంకెలు కనపడతాయి. దాన్ని కోడ్ అంటారు. పి 0443 అని వస్తే పర్జ్ వాల్వు కరెంటు దారిలో లోపం. పి 0442 అంటే చిన్న లీకు. పి 0455 అంటే పెద్ద లీకు.

అంకెలు చదవడం వచ్చినవారు ఈ కోడ్‌ను కాగితం మీద రాసుకోవాలి. తేదీ కూడా వేసుకోవాలి. కొందరు బాగు చేయకుండా కోడ్ చెరిపేస్తారు. దీపం ఆరిపోతుంది. కొన్నాళ్లకు మళ్లీ వెలుగుతుంది. రాసిన కాగితం ఉంటే "అప్పుడూ ఇదే వచ్చింది గదా" అని అడగవచ్చు. బండి ఓనరుకు కూడా చూపించవచ్చు. "పెట్రోలు వాసన ఎందుకు వస్తోంది? నువ్వేం చేశావు?" అని ఓనరు అడిగితే, డ్రైవరు చేతిలో జవాబు ఉంటుంది.

దీపం చెప్పని జబ్బు

ఇక్కడ ఒక మెలిక ఉంది. అమెరికాలో కార్లు టాంకీ లీకును తామే వెతకాలి. 1 మిల్లీమీటరు చిల్లును, తర్వాతి కాలపు కార్లయితే అర మిల్లీమీటరు చిల్లును కూడా పట్టాలి. మన నియమాలు యూరప్ దారిలో వచ్చాయి. ఇవి ముఖ్యంగా పర్జ్ వాల్వుకు కరెంటు సరిగా అందుతోందా అని చూడమంటాయి. టాంకీ మూత వదులైనా, గొట్టం పగిలినా చాలా బండ్లలో దీపం వెలగదు.

కాలుష్య సర్టిఫికెట్ పరీక్ష కూడా దీన్ని పట్టదు. ఆ పరీక్షలో పొగగొట్టంలో గొట్టం పెట్టి చూస్తారు. టాంకీ దగ్గర చూడరు. అందుకని సర్టిఫికెట్ ఉన్న బండి కూడా ఆవిరి వదలవచ్చు. ఇక్కడ మనిషి ముక్కు, కన్నే పరికరాలు.

తొలి డ్రైవరు డ్యూటీ దిగాక మెకానిక్ షెడ్డుకు పోయాడు.

"అన్నా, పొద్దున పెట్రోలు వాసన గుప్పుమంటున్నది. లైటు మాత్రం వెలుగుతలేదు" అన్నాడు.

"లైటు వెలగకుంటే జబ్బు లేదని కాదు తమ్మీ. ముందు మూత తియ్" అన్నాడు మెకానిక్.

మూత లోపలి రబ్బరు వాషరు ఎండిపోయి పగిలి ఉంది. ఆవిరి అక్కడి నుంచే పోతోంది. కొత్త మూత వేశారు. మర్నాడు సెల్లారులో వాసన లేదు.

ఏ గుర్తుకు ఏ కారణం?

నిలబడిన బండి దగ్గర వాసన వస్తే ముందు మూత, దాని రబ్బరు చూడాలి. మూత టక్‌టక్ మనేదాకా తిప్పాలి. తర్వాత రబ్బరు గొట్టాలు చూడాలి. అవి ఎండకు గట్టిపడి పగులుతాయి. కొన్నిసార్లు ఎలుకలు కొరుకుతాయి.

పెట్రోలు పోయించిన వెంటనే బండి స్టార్టు కాకుండా మొరాయిస్తే, నిలిపినప్పుడు ఇంజను వణికితే, పర్జ్ వాల్వు తెరుచుకునే ఉండిపోయిందేమో చూడాలి. ఆవిరి అవసరం లేనప్పుడు కూడా ఇంజనులోకి పోతుంటే ఇలా జరుగుతుంది. పెట్రోలు ఖర్చు కూడా పెరగవచ్చు.

మూత తీయగానే లోపలికి గట్టిగా గాలి పీల్చిన చప్పుడు వస్తే, డబ్బా గాలిదారి మట్టితో మూసుకుపోయి ఉండవచ్చు. కొంచెం బుస్సుమనడం మామూలే.

వాల్వు బాగుందో లేదో మెకానిక్ చేతి పంపుతో చూస్తాడు. కరెంటు లేనప్పుడు దాని గుండా గాలి పోకూడదు. నోటితో మాత్రం ఊదకూడదు. ఆవిరి లోపలికి పోతుంది. లీకు ఎక్కడుందో తెలియకపోతే పొగ యంత్రం వాడతారు. గొట్టాల్లోకి పొగను పంపుతారు. పొగ ఎక్కడ బయటికి వస్తే అక్కడే చిల్లు.

బంకులో చేసే తప్పు

పెట్రోలు పోస్తుంటే నిండగానే పైపు టక్కున ఆగుతుంది. "ఇంకో యాభై రూపాయలకు పొయ్, రౌండు చెయ్" అని చాలామంది అంటారు. టాంకీ పైభాగంలో ఆవిరికి చోటు వదలాలి. అంచుదాకా పోస్తే పెట్రోలు ఆవిరి గొట్టంలోకి, అక్కడి నుంచి బొగ్గు డబ్బాలోకి పోతుంది. పెట్రోలులో నానిన బొగ్గు పాడవుతుంది. డబ్బానే మార్చవలసి వస్తుంది. యాభై రూపాయల పెట్రోలుకు వేల రూపాయల డబ్బా పోగొట్టుకోవడం తెలివైన పని కాదు. మొదటిసారి ఆగగానే చాలనాలి.

బంకుల్లో కూడా ఆవిరి పోకుండా చూడాలి. నగరాల్లో ఎక్కువ అమ్మే బంకులు ఆవిరిని తిరిగి పట్టే ఏర్పాటు పెట్టాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. అది బంకుల పని. మూత బిగించడం, వాసన వస్తే చూపించడం బండి నడిపేవారి పని.

డ్రైవరు ఇప్పుడు రోజూ సెల్లారులోకి దిగగానే ముందు గాలి పీల్చి చూస్తాడు. వాసన లేకపోతేనే తాళం తిప్పుతాడు.

కొత్త మాటలు

కానిస్టర్: పెట్రోలు ఆవిరిని పట్టే బొగ్గు డబ్బా
పర్జ్ వాల్వు: డబ్బాలోని ఆవిరిని ఇంజనుకు వదిలే తలుపు
కోడ్: బండి జబ్బును తెలిపే అక్షరం, అంకెలు

చదివి చెప్పండి

1. నేల మీద చుక్క పడకపోయినా పెట్రోలు వాసన ఎందుకు వస్తుంది?
2. సెల్లారులో బీడీ ఎందుకు వెలిగించకూడదు?
3. బంకులో పైపు ఆగాక ఇంకా ఎందుకు పోయించకూడదు?
4. మీ ఇంట్లో బండి ఉంటే దాని మూత రబ్బరు చూడండి. ఎలా ఉందో రెండు వాక్యాలు రాయండి.