మట్టిలో పీత పట్టు

వేరుశనగ చేలో లేతాకులు ఉన్నట్టుండి పసుపురంగుకి తిరుగుతాయి. ముదిరితే తెల్లగా పాలిపోతాయి. నల్లరేగడిలో, సున్నం పాలు ఎక్కువున్న నేలల్లో రైతులకు బాగా తెలిసిన తెగులాంటి తంటా ఇది. తెగులు కాదు, 'ఇనుప ధాతు లోపం' అంటారు వ్యవసాయాధికారులు.

వినడానికే విడ్డూరం! ఎకరం పొలంలో పైన ఆరంగుళాల మట్టి బరువు సుమారు 9 లక్షల కిలోలు. అందులో నూటికి ఒక్క పాలే ఇనుము అనుకున్నా 9 వేల కిలోలు. పంటకు కావాల్సింది ఒకటి రెండు కిలోలకు మించదు. గాదె నిండా ధాన్యం పెట్టుకుని పస్తులుండటమంటే ఇదే.

మరి ఆ ఇనుమంతా ఏమైనట్టు? అక్కడే ఉంది... తుప్పు రూపంలో. మొక్క ఏదైనా తాగాల్సిందే తప్ప నమల్లేదు కదా. తుప్పేమో నీళ్లలో కరగదు. సున్నపు నేలలో కాస్తోకూస్తో కరిగింది కూడా మళ్లీ తుప్పుగా మారి అడుక్కు చేరుతుంది. అలా చేరకుండా చేయిపట్టుకుని వేరు దాకా నడిపించే తోడు కావాలి. ఆ తోడే మట్టిలోని సేంద్రియ ఆమ్లాలు.

ఇవి రెండు రకాలు. వేళ్ల చివరల నుంచీ శిలీంధ్రాల నుంచీ ఊరే సిట్రిక్, ఆక్జాలిక్ లాంటివి ఒక రకం. నిమ్మకాయలోనూ చుక్కకూరలోనూ మన నాలుకకు తగిలే పులుపు వాటిదే. పేడ, ఆకులు, చొప్ప చివికి చివికి మిగిలిన నల్లటి పదార్థంలో ఉండే హ్యూమిక్, ఫల్విక్ ఆమ్లాలు రెండో రకం. జర్మనీలో అచర్డ్ అనే శాస్త్రవేత్త 1786లోనే బురదనేలల పీట్ మట్టిని క్షారంలో నానబెట్టి ఈ నల్లటి సారాన్ని బయటికి తీశాడు. అది భారీ అణువులా, చిన్న చిన్న ముక్కల గుంపా అన్న వాదన మాత్రం ఇన్నేళ్లయినా తెగలేదు!

ఏదైతేనేం, పట్టుకునే తీరు ఒకటే. ఈ ఆమ్లాలకు రుణావేశం ఉన్న కొసలుంటాయి. ఇనుము, జింకు, రాగి నీళ్లలో కరిగితే ధనావేశంతో తిరుగుతుంటాయి. ఒక కొస ఇటునుంచీ ఇంకో కొస అటునుంచీ వచ్చి లోహాన్ని నడుమ ఇరికించి పట్టేస్తాయి... పీత తన ముందుకాళ్లతో పట్టినట్టు. ఆ పట్టుకు 1920లో 'చిలేట్' అని పేరు పెట్టిందీ అందుకే. పీత డెక్కకు గ్రీకు మాట నుంచి వచ్చింది. ఎరువుల దుకాణంలో 'చిలేటెడ్ జింక్' ప్యాకెట్ మీద ఉన్నదీ ఆ పీతే.

మట్టిలో జరిగేది కంటికి కనిపించదు. అలాంటి పట్టునే చూడాలనుంటే శ్రీకాళహస్తిలో కలంకారీ కళాకారుల దగ్గరికి వెళ్లాలి. తుప్పుపట్టిన ఇనుపముక్కల్నీ బెల్లాన్నీ నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. ఆ పులుపుకి ఇనుము కరుగుతుంది. కరక్కాయ, పాలలో నానిన గుడ్డ మీద ఆ నీటిని కలంతో గీస్తే గీత చూస్తుండగానే నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్లు ఇనుమును పట్టేసిన గుర్తన్నమాట!

ఈ పట్టు చేపల ప్రాణాలూ కాపాడింది. 1970, 80లలో ఆమ్లవర్షాలు నార్వేలోనూ అమెరికా ఈశాన్య ప్రాంతంలోనూ మట్టిలోని అల్యూమినియాన్ని కరిగించి చెరువుల్లోకి తోశాయి. అది మొప్పలకు పట్టి చేపలు ఊపిరాడక చచ్చాయి. కానీ అడవి మట్టి సారం దిగి తేనీటి రంగులో ఉన్న నీళ్లలో, అంతే అల్యూమినియం ఉన్నా హాని తగ్గింది. ఆమ్లాలు దాన్ని పట్టి ఉంచాయి మరి.

అయితే పీతకు మంచీచెడూ తెలియదు. స్వీడన్, ఫిన్లాండ్ అడవుల్లో, బొగ్గు పొగతో వచ్చి నేల మీద పడిన పాదరసాన్నీ ఈ నల్లటి పదార్థమే పట్టుకుంది. వానలకు దాంతోపాటే చెరువుల్లోకి దిగి, చివరికి చేపల్లోకి చేరింది. ఫ్యాక్టరీల మురుగు పారే చోట సీసం, రాగి కూడా ఇలా సవారీ చేయగలవు. కాబట్టి నీటిలో లోహం ఎంతుందన్న లెక్క ఒక్కటే చాలదు. ఎంత విడిగా తిరుగుతోంది, ఎంత కట్టుబడి ఉందన్నదీ చూడాలి.

మళ్లీ మన వేరుశనగ చేలోకి వద్దాం. ఇప్పుడు 'హ్యూమిక్' సీసాలు చాలాచోట్ల దొరుకుతున్నాయి. వాటిలో చాలావాటికి ముడిసరుకు లిగ్నైట్ లాంటి బొగ్గు, అంటే ఎన్నడో చివికిన అడవి. పశువుల ఎరువు తోలడం మానేసి, అదే సారాన్ని సీసాలో కొనుక్కోవడం కాస్త చిత్రంగానే ఉంటుంది. పశువులే తగ్గిపోయిన ఇంట్లో రైతు మాత్రం ఏం చేస్తాడు లెండి!

పసుపు తిరిగిన చేనుకు అప్పటికప్పుడు చేసే వైద్యం మాత్రం చవకే. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద పిచికారీ చేయమంటారు. అన్నభేది అంటే ఇనుము. నిమ్మ ఉప్పు అంటే పులిహోరలో నిమ్మకాయకు బదులు వాడే సిట్రిక్ ఆమ్లమే. అది లేకుండా ఉత్త అన్నభేది కలిపి ఉంచితే, కాసేపటికి బకెట్ అడుగున తుప్పు కనిపిస్తుంది.