శంకునత్త

మన వికారాబాదు, తాండూరు బాలబాలికలలో సముద్రమును కన్నులార చూచినవారు కొలదిమందియే యుందురు. అయినను సముద్రమునకును మనకును బొత్తిగా సంబంధము లేకపోలేదు. అనంతగిరి కొండలలో పుట్టిన మూసీయు, తాండూరు ప్రక్కగా పాఱు కాగ్నా నదియు తుదకు కృష్ణానది మూలమున బంగాళాఖాతమునే చేరుచున్నవి. మన యిండ్లలో పఱచిన తాండూరు బండలు సయితము పురాతన సముద్రపు అడుగున పేరుకొని గట్టిపడిన సున్నపురాయియే. కావున ఒక సముద్రజీవిని గూర్చి యిచట వ్రాయుట అసంగతము కాదని తలంచుచున్నాము.

గణితమున మీరు నేర్చు శంకువును బోలిన చిప్ప గలది గనుక దీనిని శంకునత్త యందుము. శాస్త్రజ్ఞులు కోనస్ అందురు. ఇందు 700లకు మించిన జాతులు గలవు. కొన్ని పురుగులను, కొన్ని తక్కిన నత్తలను, కొన్ని చేపలను తినును. నత్తనడక యని మనము పరిహసించు నడకయే దీనిదియు. మఱి యీదులాడు చేపను పట్టుట యెట్లు?

పగలు ఇసుకలో దాగి, రాత్రివేళ వెలువడి, ఒక గొట్టముతో నీటిని పీల్చి చేప వాసనను కనిపెట్టును. పిమ్మట సన్నని తొండమును మెల్లగా చాచును. దాని కొనయందు సూదివంటి బోలుపన్ను ఒకటి సిద్ధముగా నుండును. పంటికి బల్లెమునకువలె ముండ్లు గలవు. తాకినంతనే పన్ను చేపలో దిగును, విషము లోనికి పాఱును. నరములు కండరములకు పంపు ఆజ్ఞలు తెగిపోవుటచే చేప క్షణములలో కొయ్యబాఱును. నత్త దానిని తొండముతో లాగికొని యట్లే మ్రింగివేయును. వాడిన పంటిని పాఱవేసి, సంచిలోనుండి క్రొత్తదానిని తెచ్చుకొనును!

ఈ చిప్పలపై చిత్రవర్ణములు మిక్కిలి మనోహరములు. అపాయ మంతయు అచ్చటనే యున్నది. 1935లో ఆస్ట్రేలియాయందలి హేమన్ ద్వీపమున ఒక యువకుడు ప్రాణముతోనున్న శంకునత్తను అరచేతబట్టి కత్తితో గీకుచుండగా అది కుట్టెను; కొన్ని గంటలలో నతడు మరణించెను. దీనికి విఱుగుడు మందు నేటికిని లేదు. విషము తగ్గువఱకు రోగికి ఊపిరి యాడునట్లు చూచుటయే వైద్యము. సెలవులలో విశాఖపట్టణమో, మఱియొక తీరమో చూడబోవు పిల్లలు శంకువువంటి చిప్ప కనబడిన ముట్టరాదు. అది ఖాళీయో కాదో పైకి తెలియదు. జేబులో వేసికొన్నను గుడ్డలోనుండి కుట్టగలదు.

ఇక వింత యేమనగా, ఈ విషమునుండియే ఔషధము పుట్టినది. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయమున ఫిలిప్పీన్సు దేశీయుడగు బాల్డొమెరో ఒలివేరా యను శాస్త్రజ్ఞుడు ఈ నత్తలను పరిశోధించుచుండెను. 1979లో ఆయన ప్రయోగశాలలో, అప్పుడే ఉన్నత పాఠశాల ముగించిన 18 ఏండ్ల మైకేల్ మెకింతోష్ అను విద్యార్థి, ఒక శంకునత్త విషమునుండి నొప్పివార్తను అడ్డగించు పదార్థమును వేఱుచేసెను. దానిని కృత్రిమముగా తయారుచేసి, 2004లో జికోనోటైడ్ అను పేర అమెరికా ప్రభుత్వము మందుగా అంగీకరించెను. తక్కిన మందులకు లొంగని తీవ్రమైన బాధ గలవారికి దీనిని వెన్నుపాము చుట్టునుండు ద్రవములోనికి, చిన్న యంత్రముతో, చుక్కచుక్కగా నెక్కింతురు.