జేసన్ సమాచారం - వెబ్ పేజీపై చదువదగిన రీతిలో ప్రదర్శన

తుపాను వేళ తీరప్రాంత ప్రజలకు సమాచారం ఎంత త్వరగా చేరినదన్నది ఎంత ముఖ్యమో, అర్థమయ్యే రూపంలో చేరినదా అన్నదీ అంతే ముఖ్యం. వాతావరణం, మార్కెట్ ధరలు వంటి వివరాలను ఒక కంప్యూటరు నుంచి మరొక కంప్యూటరుకు పంపేందుకు నేడు విస్తృతంగా వినియోగిస్తున్న రూపం జేసన్. యంత్రాలకు అనువైన ఈ రూపాన్ని యథాతథంగా వెబ్ పేజీపై ఉంచినచో, చదివే అధికారులు, విలేకరులు పొరబడే అవకాశమున్నది.

జేసన్ అనగా...

జావాస్క్రిప్ట్ ఆబ్జెక్ట్ నొటేషన్‌కు జేసన్ సంక్షిప్త నామం. అమెరికాకు చెందిన డగ్లస్ క్రాక్‌ఫర్డ్ 2000వ దశకం ఆరంభంలో దీనిని ప్రచారంలోకి తెచ్చారు. 2013లో ఇది ఎక్మా-404 ప్రమాణంగా వెలువడింది. 2012లో ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ బహిరంగ డేటా పోర్టల్ సైతం పలు వివరాలను ఈ రూపంలో అందజేస్తున్నది. ఇందులో ప్రతి అంశానికి ఒక పేరు, ఒక విలువ ఉంటాయి. నెల్లూరు తీరంలోని చిల్లకూరు మండలానికి సంబంధించి ఒక నమూనాను పరిశీలించవచ్చు. ఇందలి సమయం, గాలి విలువలు ఉదాహరణకు మాత్రమే.

{"మండలం":"చిల్లకూరు","స్థానం":[79.9,14.1],"సమయం":"07:00","గాలి":50}

మొదటి దశ: వరుసలుగా విడదీయుట

జావాస్క్రిప్ట్‌లోని జేసన్ పార్స్ అను ప్రమేయం ఈ పాఠాన్ని చదివి, దోషమున్నచో తెలియజేస్తుంది. స్ట్రింగిఫై అను ప్రమేయానికి ఖాళీల సంఖ్య 2 అని సూచించినచో, ప్రతి అంశం వేరు వరుసలో అమరుతుంది. ఫలితాన్ని ప్రీ అను ట్యాగులో ఉంచాలి. లేనిచో బ్రౌజరు ఖాళీలను, వరుసలను కలిపివేస్తుంది.

{
  "మండలం": "చిల్లకూరు",
  "స్థానం": [
    79.9,
    14.1
  ],
  "సమయం": "07:00",
  "గాలి": 50
}

సాంకేతిక సిబ్బందికి ఇది చాలును. ఇతరులకు చాలదు.

రెండవ దశ: అర్థం తెలియజేయుట

స్థానం: భౌగోళిక సమాచారానికి వాడే జియోజేసన్ ప్రమాణం ప్రకారం ముందు రేఖాంశం, తరువాత అక్షాంశం వ్రాయాలి. వాడుకలో మాత్రం అక్షాంశమే ముందు చెప్పుట పరిపాటి. పై అంకెలను తారుమారుగా చదివినచో చిల్లకూరు ఆర్కిటిక్ ప్రాంతంలోని స్వాల్‌బార్డ్ దీవులకు చేరుతుంది.

సమయం: వాతావరణ సమాచారం తరచుగా అంతర్జాతీయ ప్రామాణిక కాలమానంలో ఉంటుంది. భారత కాలమానం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల సమీపంలో మధ్యాహ్నం 12.30 - 2.30 గంటల మధ్య తీరం దాటింది. అంతర్జాతీయ కాలమానంలో అది 7.00 - 9.00 గంటలు. కాలమానం పేర్కొననిచో మధ్యాహ్నపు ముప్పును ఉదయమే గడచిపోయినదిగా భావించే ప్రమాదమున్నది.

ప్రమాణం: 50 అను అంకె నాట్లలోనిదైనచో గాలి వేగం గంటకు సుమారు 93 కిలోమీటర్లు. కిలోమీటర్లుగా పొరబడినచో తీవ్రత దాదాపు సగంగా కనిపిస్తుంది.

తేదీ: 2022 ఏప్రిల్ 4న అమలులోకి వచ్చిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో చిల్లకూరు మండలం నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాకు మారింది. కావున పాత, కొత్త వివరాలను పోల్చేటప్పుడు జిల్లా పేరుతో పాటు తేదీని కూడా చూపాలి.

పట్టిక రూపం

పై వివరాలు చేర్చిన పిమ్మట, నాట్లలో నమోదైన గాలి వేగంగా పరిగణిస్తే, నమూనా ఈ విధంగా ఉంటుంది.

మండలం: చిల్లకూరు
అక్షాంశం: 14.1 డిగ్రీలు ఉత్తరం
రేఖాంశం: 79.9 డిగ్రీలు తూర్పు
సమయం: మధ్యాహ్నం 12.30 (భారత కాలమానం)
గాలి వేగం: గంటకు సుమారు 93 కి.మీ.

పట్టికతో పాటు మూల జేసన్ ప్రతికి లింకు కూడా ఉంచడం మంచిది. అంకెపై సందేహం కలిగినప్పుడు ప్రకటనకు ముందే సరిచూచుకొనుటకు అది తోడ్పడుతుంది. సమాచారాన్ని వెల్లడించడంతో బాధ్యత ముగియదు. అంకెతో పాటు దాని అర్థమూ చేరినప్పుడే ఆ సమాచారం ప్రజలకు ఉపయోగపడుతుంది.