రీల్ చూసి రాళ్ల మీదికి వెళ్లొద్దు: అండమాన్‌లో ఆటుపోట్ల లెక్క

మాది విస్సన్నపేట. చుట్టూ మామిడి తోటలే. సముద్రమంటే మాకు తెలిసింది మంగినపూడి బీచే. అందుకే అండమాన్ వెళ్లినప్పుడు ఓ తప్పు చేశా. అది మీరు చేయకూడదనే ఈ ఎపిసోడ్.

నీల్ ఐలాండ్... 2018 నుంచి దీని అధికారిక పేరు షహీద్ ద్వీప్. అక్కడ లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్‌లో సహజంగా ఏర్పడిన రాతి వంతెన ఉంది. పగడపు రాయిని అలలు కింద తొలిచేస్తే, పైభాగం ఆర్చ్‌లా మిగిలింది. నీళ్లు తగ్గినప్పుడు బయటపడే రాళ్ల మీద నడిచి వెళ్లాలి.

ఒక రీల్‌లో "ఉదయం 9కి వెళ్లండి" అన్నారు. వెళ్లా. వీడియో తీసుకుంటూ వంతెన దాటి చాలా ముందుకెళ్లిపోయా. గంటన్నరకి వెనక్కి వస్తే, చీలమండ దాకా ఉన్న నీళ్లు తొడల దాకా వచ్చేశాయి! కింద రాయి కనబడట్లేదు, జారుతోంది. ఒడ్డున కొబ్బరిబోండాలమ్మే శ్రీకాకుళం బాబాయ్ ఒకాయన కేకేసి, ఎక్కడ అడుగు వేయాలో చెప్తూ బయటికి తెచ్చారు. "పాదం తడిసినప్పుడే తిరిగిపోవాలి బాబూ" అన్నారు.

నా లెక్క ఎక్కడ తప్పిందంటే... అక్కడ రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. భూమి ఒక చుట్టు తిరిగేలోపు చంద్రుడు కూడా కాస్త ముందుకి జరుగుతాడు. అందుకే ఈ టైమ్ రోజూ సుమారు 50 నిమిషాలు లేటవుతుంది. ఇవాళ 9కి ఆటు అయితే, వారం తర్వాత అదే 9కి దాదాపు పోటు! రీల్ చెప్పిన టైమ్ ఆ రోజుకే కరెక్ట్.

ఇంకోటి. ఆటు నుంచి పోటుకి సుమారు 6 గంటలు. నీళ్లు ఒకే స్పీడ్‌లో ఎక్కవు. మొదటి గంటలో 12వ వంతే, నమ్మించేస్తాయి. 3, 4 గంటల్లోనే సగం ఎక్కేస్తాయి. అమావాస్య, పౌర్ణమి దగ్గర ఇంకా ఎక్కువ.

కాబట్టి ఆ రోజు టైడ్ టైమ్ చూసి స్క్రీన్‌షాట్ తీసుకోండి, సిగ్నల్‌ని నమ్మొద్దు. ఆటుకి గంట ముందు బయల్దేరి, ఆటు టైమ్‌కల్లా తిరుగుముఖం పట్టండి. అక్కడివాళ్లని ఓ మాట అడగండి, తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు.

మా ఊళ్లో కాయ ఎప్పుడు కోయాలో చెట్టు చూసి చెప్తారు, ఫోన్ చూసి కాదు. సముద్రం దగ్గర నేనది మర్చిపోయా. అండమాన్ ప్లాన్‌లో ఉన్న ఫ్రెండ్‌కి ఇది పంపండి. మళ్లీ కలుద్దాం!