ఊరికే ఇస్తారు, ఊరికే ఇవ్వరు

షెల్టర్ నుంచి కుక్కను తెచ్చుకోవడం మంచి పనే. అది మళ్లీ షెల్టర్‌కు చేరకుండా ఉండాలంటే మాత్రం మంచి మనసొక్కటే చాలదు

పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని ప్రశ్నలుండవు. ఇల్లు సొంతమా, అద్దెదా? ఓనర్ ఒప్పుకున్నారా? పగలు ఇంట్లో ఎవరుంటారు? ఊరెళితే కుక్కను ఎవరికి అప్పగిస్తారు? కొన్ని సంస్థలైతే ఇల్లు చూడ్డానికీ వస్తాయి. ఉచితంగా ఇచ్చే కుక్కకు ఇంత ఆరా ఏమిటని చిరాకుపడేవారు లేకపోలేదు. కానీ ముచ్చటపడి తీసుకెళ్లి, పదిరోజులకే తిరిగి తెచ్చి గేటు దగ్గర కట్టేసి పోయేవారి భయంతోనే ఆ ఫారాలు పుట్టాయి.

మొదటి చిక్కు జాతి దగ్గరే వస్తుంది. చెన్నైలోని బ్లూక్రాస్ కావచ్చు, 1992లో మొదలైన హైదరాబాద్ బ్లూక్రాస్ కావచ్చు, అక్కడ కనిపించేవి ఎక్కువగా వీధిలో పుట్టినవి, బండి కింద పడి కాలు విరిగినవి. వచ్చేవారు అడిగేది మాత్రం ల్యాబ్రడార్. స్వదేశీ జాతులను పెంచుకోమని 2020 ఆగస్టులో ప్రధాని 'మన్ కీ బాత్'లో చెప్పారు. ఆ ప్రేమ ముధోల్, రాజపాళయం లాంటి పేరున్న జాతుల దాకా వెళ్లింది కానీ వీధిలోని పేరులేని కుక్క దాకా రాలేదు. మన ఎండలకు తట్టుకునే పొట్టి బొచ్చు దానికే ఉన్నా సరే.

అసలు పరీక్ష ఇంటికొచ్చాక మొదలవుతుంది. కుక్క మంచం కింద దూరి, అన్నం ముట్టదు. కుక్కర్ విజిల్‌కు ఉలిక్కిపడుతుంది. చీపురు ఎత్తితే వణుకుతుంది. లిఫ్ట్ ఎక్కదు. సిమెంటు గచ్చు మీదే బతికినదానికి హాలుకూ బాత్‌రూమ్‌కూ తేడా ఏం తెలుస్తుంది? షెల్టర్ల వాళ్లు ఒక లెక్క చెబుతుంటారు: బెరుకు తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లే అనుకోవడానికి మూడు నెలలు. ఇది అంచనాయే. కొన్నింటికి ఏడాదీ పట్టవచ్చు.

చాలామంది తప్పటడుగు వేసేది ఆ మధ్య కాలంలోనే. భయంతో నోరు మెదపని కుక్కను చూసి మొదటి వారం 'ఎంత బుద్ధిమంతురాలో' అని మురిసిపోతారు. మూడో వారంలో అది కాస్త కుదుటపడి, తలుపు చప్పుడైతే మొరిగి, గిన్నె దగ్గరికొస్తే గుర్రుమనగానే తమను మోసం చేశారనుకుంటారు. నిజానికి కుక్క అసలు స్వభావం అప్పుడే బయటపడుతోంది. తినేటప్పుడు గిన్నె జోలికి పోకుండా, వేళకు బయట తిప్పుతూ ఓపిక పడితే చాలావరకు సర్దుకుంటుంది. కొట్టారా, భయం కాస్తా కాటుగా మారుతుంది.

ఆరోగ్యం విషయంలోనూ ఏమరుపాటు తగదు. పదుల కొద్దీ కుక్కలున్నచోట పార్వో వైరస్ తేలిగ్గా పాకుతుంది. తెచ్చిన కొన్నాళ్లకే పిల్ల వాంతులు, రక్త విరేచనాలతో పడిపోవచ్చు. పిడుదుల వల్ల వచ్చే జ్వరం పెద్ద కుక్కల్లోనూ మామూలే. కాబట్టి దారిలోనే వెటర్నరీ డాక్టర్‌కు చూపించాలి. రేబిస్ టీకా సాధారణంగా మూడు నెలల వయసులో వేస్తారు. అంటే రెండు నెలల పిల్ల ఆటల్లో గీరినా తేలిగ్గా తీసుకోకూడదు. గాయాన్ని సబ్బు నీళ్లతో పావుగంట కడిగి ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

ఇక అపార్ట్‌మెంట్ సంఘాలు. సభ్యులంతా ఏకమై తీర్మానం చేసినా పెంపుడు కుక్కలను నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. అది ఫ్లాటు సొంతమైనవారికి పనికొస్తుంది. లీజు గడువు దగ్గరపడ్డ అద్దెదారుకు ఆ కాగితం చూపి ఒరిగేదేమీ లేదు.

వెనక్కి పంపే దారి కూడా ఇరుకవుతోంది. వీధికుక్కల కేసులో 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వులో సుప్రీంకోర్టు, వాటిని దత్తత తీసుకోదలచినవారు మునిసిపల్ సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చంటూనే, ఆ కుక్క మళ్లీ వీధిన పడకుండా చూసే బాధ్యత వారిదేనంది.

ఇంతా విన్నాక కూడా మనసు లాగుతుంటే, పిల్ల కోసం పట్టుబట్టకుండా మూడు, నాలుగేళ్ల కుక్కను చూడటం మేలు. దాని గుణం అప్పటికే తెలిసి ఉంటుంది. రోజూ దానికి అన్నం పెట్టే కుర్రాడిని పక్కకు పిలిచి అడిగితే ఫారంలో లేనివీ చెబుతాడు.